ఆఖరి మడి అధ్యక్షుడు

ఆయన మరణవార్త బాన్సువాడ బస్టాండు ఎదుటి హోటల్లో నవ్వుతో కలిసి నా చెవిన పడింది. చాయ్ గ్లాసు నా ముందు పెడుతూ హోటలు యజమాని, "సార్, మీ అధ్యక్షుడు నిన్న పోయిండు. పైన పోటీ లేకుంటనే ఎన్నికైండంట" అన్నాడు. పక్క బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరు రైతులు తలలు వంచుకుని నవ్వుకున్నారు. వారిలో ఒకడు ఆయన పార్టీలో సభ్యునిగా ప్రమాణపత్రం రాసి ఇచ్చినవాడే. చనిపోయినవాని గురించి ఒక మంచిమాట చెప్పవలసిన బాధ్యత ఆ క్షణాన ఆ హోటల్లో నా ఒక్కని మీదనే పడినట్లు తోచింది. చాయ్ తాగినంతసేపు వెదికాను. దొరకలేదు.

మంచిమాట దొరకని మనిషి ఇంత స్పష్టంగా ఎట్లా గుర్తుండిపోతాడో నాకు అంతుపట్టదు. ఎన్నో సద్గుణాలు గల మిత్రుల ముఖాలు నాకు ఇప్పుడు మసకబారినాయి. ఆయన చూపు మాత్రం చెక్కు చెదరలేదు. ఎవరు ఎదురుపడినా ఆ చూపు మొదట పాదరక్షల మీద వాలేది. అక్కడి నుండి మెల్లగా మోకాళ్ళ దాకా వచ్చి, ముఖం దాకా పోవడం అవసరమా కాదా అని ఆగి ఆలోచించేది. చాలామంది విషయంలో అవసరం లేదనే నిర్ణయానికి వచ్చేవాడు. ఎదుటివాడు మనసులోని బాధ చెప్పుకుంటున్నప్పుడు కళ్ళు మూసుకునేవాడు. వింటున్నాడనుకుని అతడు మరింత ఉత్సాహంతో చెప్పేవాడు. కొంతసేపటికి ఆయన కళ్ళు తెరిచి, "అయిపోయిందా?" అనేవాడు. ఆ ఒక్క మాటతో నోటమాట పడిపోయిన పెద్దమనుషులను నేనెరుగుదును. ఇతరులు ఇప్పించిన చాయ్‌ని సగం తాగి, మిగిలిన సగాన్ని ఇప్పించినవాని కళ్ళెదుటే నేల మీద పారబోసేవాడు. నవ్వు ఆయనకు ముక్కులోనే పుట్టి ముక్కులోనే ఆగిపోయేది. అదీ ఎవడైనా కాలుజారి పడ్డప్పుడే.

ఆయనది బీర్కూరు వైపు ఒక పల్లె. నిజాంసాగర్ కాలువ పోయి పోయి సన్నబడి ఆఖరున బురదగా మారే చోట ఆయన పొలం. కాలువ మొదట్లో ఉన్నవాని మడి నిండి, వాని పక్కవాని మడి నిండి, మిగిలినదేదో చివరివానికి చేరాలి. మిగలని ఏడాది ఆ చివరి మళ్ళు నెర్రెలు విచ్చేవి. ఈ ఒక్క విషయంలో ఆయన ఫిర్యాదు న్యాయమైనదే. పెద్ద పార్టీలలో ఏళ్ళ తరబడి జెండాలు మోసినాడు. టికెట్టు ఎన్నడూ దక్కలేదు. "వచ్చేసారి చూద్దాం" అని భుజం తట్టిన నాయకునితో, "వచ్చేసారికి నువ్వుంటవా?" అన్నాడట. ఆ నాయకుడు అప్పుడే దవాఖాన నుండి ఇంటికి వచ్చి ఉన్నాడు.

ఆ మాట తరువాత ఆయనకు ఏ పార్టీలోనూ చోటు లేకపోయింది. సొంత పార్టీ పెట్టాలని అప్పుడు సంకల్పించినాడు. కాలువ కింద ఉన్న నియోజకవర్గాలన్నిటిలో చివరి రైతుల తరఫున మనుషులను నిలబెట్టాలి, అందరికీ ఒకే గుర్తు ఉండాలి, ఆ గుర్తు చూడగానే నీళ్ళు రాని మడి గుర్తుకు రావాలి. పార్టీ ఢిల్లీలోని ఎన్నికల సంఘం దగ్గర నమోదు అయితే తప్ప ఒకే గుర్తు అడగడానికి వీలులేదని బాన్సువాడ వకీలు చెప్పినాడు. శాసనసభ ఎన్నికలకు ఇంకా వ్యవధి ఉన్నది. కనీసం వందమంది ఓటర్లు, తాము ఈ పార్టీ సభ్యులమని, మరే పార్టీలోనూ లేమని ఎవరికి వారు ప్రమాణపత్రం ఇవ్వాలి. పార్టీకి ఒక నియమావళి ఉండాలి. ఆ నియమావళిని మంచి తెలుగులో రాయడానికి, బడిలో తెలుగు చెప్పే నన్ను పట్టుకున్నారు. ఇంగ్లీషులోకి మార్చే పని వకీలుది.

రాజ్యాంగానికీ ప్రజాస్వామ్యానికీ విధేయత ప్రకటించే వాక్యంతో ఆరంభించి, జలము సర్వప్రాణులకు సమానమన్న భావాన్ని నాకు చేతనైనంత నిండుగా విస్తరించి రాసి తీసుకుపోయాను. పార్టీకి 'జలసమతా కర్షక సమాఖ్య' అని నామకరణం కూడా చేశాను.

"గీ పేరు పిలిచేసరికి ఓటరు పండ్లు రాలుతయి సార్" అన్నాడాయన. "ఆఖరి మడి పార్టీ. గంతే."

తరువాత నా రాతప్రతిని మోకాలి మీద పరిచి, బొటనవేలి గోటితో ఒక్కొక్క విశేషణాన్ని గీకివేయసాగినాడు. కాగితం చిరిగింది. "పరస్పర గౌరవముతో" అన్న మాట దగ్గర ఆగి, "ఇదెందుకు?" అని అడిగినాడు. సభ్యులు ఒకరినొకరు గౌరవించుకోవాలి కదా అన్నాను. "వందమంది ఒకన్నొకడు గౌరవించుకుంట కూసుంటే పొలం పని ఎవడు చేస్తడు?" అని దానినీ గీకినాడు. అధ్యక్షుని పదవీకాలం గురించిన నియమం చదివేటప్పుడు వకీలు కల్పించుకుని, పార్టీలో ఎప్పటికప్పుడు ఎన్నికలు జరపాలి, అధ్యక్షుణ్ణి సభ్యులే ఎన్నుకోవాలి, అది రాయకపోతే ఢిల్లీవాళ్ళు ఒప్పుకోరు అన్నాడు.

"రాయి" అన్నాడాయన. "నన్ను ఎన్నుకోనోడు పార్టీల ఎట్లుంటడు?"

సభ్యులను ఏరడం బాన్సువాడలో ఒక ఎరువుల దుకాణం మీది గదిలో జరిగింది. చివరి మళ్ళ రైతులు మెట్లెక్కి వచ్చేవారు. ఆయన కుర్చీలో, వారు నిలబడి. అక్కడ ఉన్నది పార్టీలో చేర్చుకోవడమా, పశువుల సంతలో బేరమా అన్నది కొత్తవానికి తెలియదు. ఒక రైతు ఎండిన పొలం మాట చెబుతూ కంటతడి పెట్టినాడు. "ఏడ్చెటోడు వద్దు. దుకాణంల నీళ్ళున్నయ్, తాగి పో" అన్నాడు. మరొకనిని, అతని భార్య వేరే పార్టీ మీటింగుకు పోయిందని కారణం చూపించి తిప్పి పంపినాడు. బిచ్కుంద వైపు నుండి వచ్చిన ఒక కుంటి రైతును కింది నుండి మీదికి చూసి, "నడువనీకి రానోడు ఊర్లు తిరిగి ఓట్లెట్ల అడుగుతడు?" అన్నాడు.

ఆ రైతు గోడకు చెయ్యి ఆనించి నిలబడి, "నడిచెటోళ్ళు నీ ఎంబడి రాలే గద పటేలా" అన్నాడు.

ఆయన ముక్కులో నవ్వు మెదిలింది. "వీడు గావాలె. రాసుకో" అన్నాడు వకీలుతో. ఆయన ఒక మనిషిని మెచ్చుకోవడం నేను చూసినది అదొక్కసారే. మెచ్చుకున్నది కూడా తన వంటి నాలుకనే.

వకీలు చిన్నవాడైనా జాగ్రత్త గలవాడు. ఏదైనా ఒక ప్రమాణపత్రంలో చిక్కు వస్తే ఆధారంగా ఉంటుంది, ఇంకొందరిని కలుపుదామని బతిమాలినాడు. "వందంటే వంద" అన్నాడాయన. "ఎక్కువైనోడు జాతరకు పోనీ." వంద నిండేందుకు చివరన ఒక పేరు తక్కువ పడితే, తన అక్క పేరు రాయించినాడు. వకీలు గుమాస్తాను బస్సులో పంపి ఆమె దగ్గర ప్రమాణపత్రం తెప్పించినాడు.

ఈ అక్క బిచ్కుంద దగ్గర ఒక పల్లెలో కొడుకు ఇంట ఉండేది. తల్లి పోయిన తరువాత ఆయనను చంక దించకుండా పెంచిన మనిషి అని చుట్టాలు చెప్పగా విన్నాను. పార్టీ ఆరంభసభ బాన్సువాడలో ఒక ఫంక్షన్ హాలులో జరిగింది. మా వైపు ఏ శుభకార్యమైనా మొదటి బొట్టు ఇంటి ఆడబిడ్డ, అంటే అక్కో చెల్లెలో, పెట్టాలి. బోరు వేయించినా, ట్రాక్టరు కొన్నా అంతే. ఆయన అక్కను పిలవలేదు. ఎందుకు పిలవలేదని ఎవరో అడిగితే, "పెండ్లి చేసుకుంటున్ననా?" అన్నాడు.

దరఖాస్తు ఢిల్లీకి వెళ్ళింది. నిబంధన ప్రకారం దినపత్రికలలో ప్రకటన వెలువడింది. ఫలానా పేరుతో పార్టీ నమోదుకు దరఖాస్తు చేసుకున్నారు, ఎవరికైనా అభ్యంతరం ఉంటే గడువులోగా ఢిల్లీకి తెలుపవచ్చును అని దాని సారాంశం. ఆయన ఆ పత్రికను హోటల్లో విప్పి పట్టుకుని తానే చదివి వినిపించినాడు. ఆ ఒక్క ఉదయం మాత్రం ఆయన చాయ్ పారబోయలేదు.

ఇక్కడ మా ప్రాంతపు అలవాటొకటి చెప్పాలి. అన్నో తమ్ముడో భూమి అమ్మేటప్పుడు కొనేవాని తరఫున పత్రికలో ఇటువంటి ప్రకటనే వస్తుంది, అభ్యంతరాలున్నవారు తెలుపవలెనని. అది చూసిన ఆడబిడ్డ, "నాకు ఎతరాజ్ ఉన్నది" అని కబురు పంపుతుంది. ఆమెకు ఆ భూమిలో వాటా కావాలని కాదు. తమ్ముడు చీర తీసుకుని ఇంటికి రావాలి, ఒడిలో పెట్టాలి, ఆమె వండినది ఒక ముద్ద తినాలి. తిన్న చెయ్యి కడుక్కోకముందే, "నాకేం ఎతరాజ్ లేదు" అని ఆమె వేలిముద్ర వేసి ఇస్తుంది. రాకపోకలు తగ్గిన తోబుట్టువులను అట్లయినా ఒక ఇంట కూర్చోబెట్టిన పద్ధతి ఇది. ఆయన మొదటిసారి కొంత పొలం అమ్మినప్పుడు అట్లాగే చీర పట్టుకుని పోయి తిని వచ్చినాడట. రెండవసారి చీరను బస్సు కండక్టరు చేతికిచ్చి పంపినాడు. అప్పటికీ ఆమె కాగితాన్ని ఉత్తగా వెనక్కి పంపలేదు, వేలిముద్ర వేసింది. ఆ తరువాత ఆయన ఆ గడప తొక్కలేదు.

పార్టీ ప్రకటన పత్రికలో ఉన్నదని తెలిసి ఆమె చేసినది కూడా అదే. దరఖాస్తులు రాసేవాని దగ్గరకు పోయి, "నా తమ్మునికి నా ఎతరాజ్ ఉన్నదని రాయి" అన్నది. ఏం ఎతరాజ్ అని అతడు అడిగినాడు. "నన్ను పిలువలే" అన్నది. ఢిల్లీవాళ్ళు నవ్వుతారని అతడు ఆలోచించి, సంగతి వివరించకుండా ఆమె సమ్మతి తీసుకున్నారని రాసి పంపినాడు. బీర్కూరు గడప దాకా పోవలసిన అలుక ఢిల్లీ దాకా పోయింది. ఢిల్లీలో అలుక తీర్చే ఏర్పాటు లేదు. సమ్మతి లేకుండా సభ్యులను చేర్చినారన్న ఫిర్యాదు వచ్చినది, గడువులోగా ఆ సభ్యురాలి నుండే వివరణ సమర్పించండి, లేనిచో దరఖాస్తు తిరస్కరింపబడును అని వారు రాసినారు. జతగా పంపిన ఆమె అభ్యంతరపు నకలును ఆయన విప్పనైనా విప్పకుండా వకీలు బల్ల మీదికి విసిరినాడు.

వకీలు వివరణ తయారు చేసి, "పటేలా, అక్క దగ్గరికి పొండ్రి. గంటసేపటి పని" అన్నాడు.

"దాని కాళ్ళు మొక్కాల్నా?"

"మొక్కుడెందుకు? బువ్వ తిని రాండ్రి."

"అయిపోయిందా?" అన్నాడాయన.

గడువు కరిగిపోతూ వచ్చింది. కాగితం టపాలో వేయవలసిన ఆఖరి రోజు ఉదయం ఆయన బండి నా ఇంటి ముందు ఆగింది. "తోడు రాండ్రి సార్. మీరుంటే అది ఎక్కువ మాట్లాడది" అన్నాడు. వెనుక సీటులో చీర సంచి ఉన్నది. దారిపొడుగునా ఆయన కాలువ వైపు చూస్తూ, ఎవరి మడి నిండి ఉన్నదో వాని పేరు పెట్టి తిట్టుకుంటూ వచ్చినాడు.

ఆమె పొద్దున్నే వండి పెట్టినట్లున్నది. అరుగు మీద నిలబడి ఉన్నది. చిన్న మనిషి, తల పూర్తిగా నెరిసింది. పీట వేసి, పక్కన చెంబుతో నీళ్ళు పెట్టింది. జొన్నరొట్టెలు, కోడికూర, పచ్చిపులుసు పళ్ళెంలో సర్దింది. చీరను ఆయన స్వయంగా ఒడిలో పెట్టాలి. "మీరియ్యండ్రి సార్" అని సంచి నా చేతికిచ్చినాడు. పరాయి మనిషి చేతి నుండి ఆమె ఆ చీర అందుకున్న తీరు చూడలేక నేను పీట వైపు చూశాను.

"కాళ్ళు కడుక్కో తమ్మీ" అన్నది.

"కడుక్కొనే వచ్చిన."

"ఎండల వడి వచ్చినవ్. జెర కూసో."

"పోస్టాఫీసు బందైతది. ముందుగాల కాయిదం సంగతి సూడు."

"తిన్నంక సూద్దాం."

"నీ రొట్టెల కోసం ఢిల్లీ ఆగుతదా?"

"ఢిల్లీని ఎవరు ఆగుమన్నరు? నిన్ను ఆగుమంటున్న" అన్నది ఆమె, నవ్వుతూనే. "నీ పార్టీతోని నాకేం పని తమ్మీ. ఎతరాజ్ ఉంటే చెప్పుమని పేపర్ల ఏసిండ్రు. చెప్పిన. చెప్తే నువ్వొస్తవని చెప్పిన."

ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. తెరిచి, "అయిపోయిందా?" అన్నాడు.

జేబులో నుండి సిరా డబ్బీ తీసి మూత విప్పినాడు. ఆమె లోపలికి చూసి, "ఆగు, కళ్ళద్దాలు తెచ్చుకుంట" అన్నది. ఆయన ఆగలేదు. ఆమె ఎడమచెయ్యి పట్టుకుని తనవైపు లాగినాడు. "బర్రెల పేడ ఎత్తిన చెయ్యికి అద్దాలెందుకు" అంటూ బొటనవేలిని సిరాలో అద్ది, పీట మీద పెట్టిన కాగితానికి నొక్కినాడు. ఆమె ఏదో చెప్పబోయి, ఆయన చేతిలో ఉన్న తన చెయ్యి వైపు చూసి, ఊరుకున్నది. ముద్ర పడిన తరువాత కూడా ఒక క్షణం ఆమె చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఆయన విదిలించుకుని తన వేళ్ళకు అంటిన సిరాను తువ్వాలుతో తుడుచుకున్నాడు. ఆమె వేలి సిరా అట్లాగే ఉన్నది.

"పటేల్, ఒక్క ముద్ద" అన్నాను నేను.

"మీరు తినుండ్రి సార్. నా తోడొచ్చిండ్రు గద, నా పాలు మీదే" అని ఆయన మెట్లు దిగినాడు. బండి శబ్దం వినబడింది. నేను ఆమెకు నమస్కరించి వెనుకనే పరుగెత్తాను. వకీలుకు ఒకసారి చూపిద్దామన్నాను. వేలు చూడడానికి వకీలు ఎందుకన్నాడు. బిచ్కుంద పోస్టాఫీసులోనే కాగితానికి కవరు వేసి పంపించినాడు.

కొన్ని వారాలకు ఢిల్లీ నుండి జవాబు వచ్చింది. వకీలు దానిని మనసులో ఒకసారి చదువుకుని, తరువాత మాకు తెలుగులో చెప్పినాడు. మొదటి ప్రమాణపత్రం మీదా, అభ్యంతరం మీదా ఆ సభ్యురాలు తెలుగు అక్షరాలతో సంతకం చేసి ఉన్నది, ఇప్పుడు వచ్చిన వివరణ మీద వేలిముద్ర ఉన్నది, ఇది ఆమే ఇచ్చినదని నమ్మే వీలు లేదు, దరఖాస్తు తిరస్కరించడమైనది, కావాలంటే మళ్ళీ మొదటి నుండి చేసుకోవచ్చును.

"పటేలా" అన్నాడు వకీలు, "అక్కకు రాసుడు వస్తదని నీకెర్క లేదా?"

"ఎప్పటి సంది?"

"ఏమో. గుమాస్తా చెప్పిండు. ఆమె ఊరి మహిళా సంఘానికి అధ్యక్షురాలంట. బ్యాంకుల ఆమె సంతకమే నడుస్తదంట."

ఆయన వకీలు చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఎన్నికలు దగ్గరపడినాయి, కొత్త దరఖాస్తు తెమిలే వ్యవధి లేదు. ఆయన నమ్మి నిలబెట్టదలచినవారు స్వతంత్రులుగా నిలిచి, ఒకడు కుట్టుమిషను, ఒకడు అల్మారా, దొరికిన గుర్తు పట్టుకుని ఓడిపోయినారు. కుంటి రైతుకు అందరికంటె ఎక్కువ ఓట్లు వచ్చినాయని విని, "జాలికి ఏసిండ్రు" అన్నాడు.

ఎన్నికలైన తరువాత వకీలు పట్టు విడువక, మరొకసారి దరఖాస్తు చేద్దాం, అక్క ఈసారి సంతకం చేస్తుందో లేదో కనుక్కొని రమ్మని నన్ను పంపినాడు. ఆమె సంఘం ఆడవాళ్ళతో అరుగు మీద కూర్చుని ఉన్నది. నన్ను చూసి లేచి వచ్చింది. "ఎన్నిసార్లంటే అన్నిసార్లు పెడ్త సారూ. వాని పార్టీ నిలవడాలె" అన్నది.

"ఆనాడే నాకు రాత వచ్చునని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది కదా అవ్వా" అన్నాను.

ఆమె ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని, బొటనవేలిని నిమిరింది.

"చెప్దామనుకున్న. గని వాడు నా చెయ్యి పట్టుకొని ఎన్నేండ్లాయెనో. ఇడిపించుకో బుద్ధి కాలే సారూ" అన్నది.

వకీలు గదిలో ఆయన ఎదురుచూస్తూ ఉన్నాడు. ఆమె సంతకం చేస్తానన్నదని ముందు చెప్పాను. తరువాత ఆ మాటను, ఆమె అన్నది అన్నట్లుగా చెప్పాను. వకీలు తల దించుకుని బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టినాడు. ఆయన ఈసారి కళ్ళు మూసుకోలేదు. తువ్వాలు అంచున వేలాడుతున్న దారపుపోగును పట్టి లాగి, తెంపి, కింద పడవేసినాడు.

"ఎన్నేండ్లాయెనంట?" అని అడిగినాడు.

"అది చెప్పలేదు" అన్నాను.

"ఎట్ల చెప్తది" అన్నాడు. "సంతకం నేర్చింది గని, దానికి లెక్కలు రావు."